వేడికి వ్యతిరేకం ఊదడం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిది ఒకటే గోల. పెద్ద-చిన్న, వేడి-చల్లన, పైన-కింద. బళ్లు తెరిచే రోజులు కదా, ఇంకా పాలసీసా వదలని పిల్లల్ని కూడా బొమ్మల పుస్తకం ముందు కూర్చోబెట్టి ఒప్పచెప్పించుకుంటున్నట్టున్నారు. అందుకని పక్క తడిపే పిల్లల ఉత్తరాలూ, అన్నం ఉమ్మేసే పిల్లల ఉత్తరాలూ వచ్చే నెలకి పెట్టి, ఈసారి ఈ ఐదే తీసుకున్నాను.

ప్రశ్న: టీచరుగారూ, మాది రాజోలు దగ్గర. మా బాబుకి రెండేళ్ల మూడు నెలలు. వ్యతిరేక పదాల బొమ్మల పుస్తకం ఒకటి తెప్పించాను. గట్టి అట్టలది, పైన ఇంగ్లీషు, కింద తెలుగు. రోజూ సాయంత్రం కూర్చోబెట్టి చెబుతున్నాను. ఏనుగుని చూపిస్తే పెద్ద అంటాడు, ఎలుకని చూపించినా పెద్ద అనే అంటాడు. ఐసు ముట్టుకుని "వేడి, వేడి" అని చెయ్యి లాగేసుకుంటాడు. మా తోడికోడలి పాప వీడికంటే రెండు నెలలు చిన్నది, ఇరవై జతలు గడగడా చెప్పేస్తుంది. మా అత్తగారు పైకి ఏమీ అనరు గానీ ఒక చూపు చూస్తారు. టెన్షన్‌గా ఉంది. లోపం వాడిలో ఉందా, నేను చెప్పడంలో ఉందా? – ఒక అమ్మ

జవాబు: అమ్మాయ్, లోపం మీ ఇద్దరిలోనూ లేదు. ఆ పుస్తకంలో కొంత ఉంది, అది తర్వాత చెబుతాను.

ఐసుని వేడి అన్నాడంటే వాడికి సగం వచ్చేసినట్టే. ఐసుని వాడు "పెద్ద" అనలేదు, "ఎర్ర" అనలేదు చూశావా. ముట్టుకుంటే ఒంటికి తెలిసే సంగతి ఇది అని పట్టుకున్నాడు. ఆ సంగతికి తన దగ్గరున్న ఒక్క మాటా వాడేశాడు. వేడి, చల్లన ఒకే చెట్టు కాయలని తెలిసింది, ఏది ఏ గెలదో ఇంకా తేలలేదు. పైగా ఆ "వేడి" వాడికి ఎక్కడ దొరికిందో ఆలోచించు. పాలగిన్నె దగ్గరికి వెళ్తే నువ్వూ, కుక్కర్ దగ్గరికి వెళ్తే మీ అత్తగారూ "వేడి! వేడి!" అని అరిచి ఉంటారు. వాడి లెక్కలో వేడి అంటే చెయ్యి వెనక్కి తీసుకోవాల్సింది. ఐసు దగ్గరా అదే పని చేశాడు కదా.

జతలో రెండు మాటలూ పిల్లలకి ఒకేసారి రావు. సాధారణంగా పెద్ద ముందు వస్తుంది, చిన్న వెనక వస్తుంది. పొడుగు ముందు, పొట్టి వెనక. మనమూ అంతేగా. "పిల్లాడు ఎంత పొడుగున్నాడు?" అని అడుగుతాం గానీ ఎంత పొట్టిగా ఉన్నాడని అడగం. కాలవ లోతెంత అంటాం, సంచి బరువెంత అంటాం. ఆ రెండో మాటతో మనకే పని తక్కువ, ఇక పిల్లల చెవిన ఎన్నిసార్లు పడుతుంది చెప్పు.

1968లో మార్గరెట్ డొనాల్డ్‌సన్, జార్జ్ బాల్ఫోర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పని చేశారు. మూడేళ్లు దాటిన పిల్లల ముందు రెండు అట్ట చెట్లు నిలబెట్టి, వాటికి ఆపిల్ కాయలు తగిలించి, దేనికి ఎక్కువ ఉన్నాయని అడిగారు. పిల్లలు సరిగ్గానే చూపించారు. దేనికి తక్కువ ఉన్నాయని అడిగితే చాలామంది మళ్లీ కాయలెక్కువున్న చెట్టునే చూపించారు. ఎందుకలా అన్నదాని మీద తర్వాతి వాళ్లు చాలా వాదించుకున్నారు. తక్కువ అంటే ఎక్కువ అని అనుకున్నారని కొందరు, ఆ మాట తెలియనప్పుడు వేలు కాయలు దండిగా ఉన్న వైపే పోతుందని కొందరు. నాకు రెండోదే నమ్మబుద్ధేస్తుంది. ఏదైనా గానీ, ఆ పిల్లలు మీవాడికంటే ఏడాదికి పైగా పెద్దవాళ్లు.

ఇక ఇరవై జతల పాప సంగతి. ఆ పాపకి ఇరవై జతల పాట వచ్చు. మంచిదే, పాటలు రావాలి. "తడి" అనగానే "పొడి" అంటుంది. తడి తువ్వాలూ పొడి తువ్వాలూ ఎదురుగా పడేసి పొడిది పట్రా అంటే తెస్తుందా లేదా అన్నది వేరే పని. నువ్వు వెళ్లి ఆ పిల్లని పరీక్షించేవు సుమా, ఇంట్లో లేనిపోని గొడవలు.

నేనూ ఈ తప్పు చేసినదాన్నే. ముప్పై రెండేళ్లు ఒకటో తరగతికి చెప్పాను, నాకు తెలియనిదేముందని ధీమా. మా మనవడికి మూడేళ్లప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి, "వేడికి వ్యతిరేకం ఏంట్రా?" అన్నాను. వాడు కాసేపు కాళ్లు ఊపి, "ఊదాలి" అన్నాడు.

"తడికి?"

"తువ్వాలు."

"చీకటికి?"

"అమ్మమ్మ."

మొదటి రెండింటికీ నవ్వాను. మూడోదానికి నవ్వు రాలేదు. కరెంటు పోయినప్పుడల్లా గోడ తడుముకుంటూ నా దగ్గరికే వచ్చేవాడు. వాడు చెప్పినదాంట్లో తప్పేముంది? వేడిగా ఉంటే ఏం చేస్తారో చెప్పాడు, తడిసినప్పుడు ఏం కావాలో చెప్పాడు. చిన్నపిల్లలకి ఒక మాట వింటే దాని వెంట జరిగేది గుర్తొస్తుంది, దానికి ఎదురు మాట కాదు. కుక్క అంటే మనం పిల్లి అంటాం, వాళ్లు అరుస్తుంది అంటారు. ఇది మారేది బడికి వెళ్లాక, ఐదేళ్లకీ ఏడేళ్లకీ మధ్యలో. రెండేళ్ల వాణ్ణి పట్టుకుని "దీనికి వ్యతిరేకం ఏది" అనడమంటే పాకేవాణ్ణి వంతెన దాటమన్నట్టే. అసలు ఇంకో రెండేళ్ల దాకా ఆ "వ్యతిరేకం" అన్న మాటే ఇంట్లో ఎత్తకండి.

ఇప్పుడు నీ పుస్తకం. తీసి చూడు, ఏనుగూ ఎలుకా రెండూ పేజీ నిండా గీసి ఉంటాయి. బొమ్మలో రెండూ జానెడే. రంగు వేరు, తోక వేరు, చెవులు వేరు, ముఖం వేరు. ఇన్ని తేడాల్లో నువ్వు చెప్పేది ఏ తేడా గురించో వాడెలా పట్టుకుంటాడు? పెద్ద అంటే జంతువు అని అనుకున్నాడేమో. అందుకే ఎలుకా పెద్దే. చల్లన అన్న పేజీలో మంచు మనిషి ఉండే ఉంటాడు, మెడకి మఫ్లర్‌తో. కోనసీమలో పుట్టినవాడికి మంచు అంటే ధనుర్మాసంలో తెల్లారగట్ల కొబ్బరితోటలోకి పొగలా దిగేది. దాంతో మనిషిని చేసి క్యారెట్ ముక్కు పెడతారంటే నాకే విడ్డూరంగా ఉంటుంది.

పుస్తకం పారెయ్యమనను. ఈ వారం అందులో ఒక్క పేజీ తీసుకో. నిండు-ఖాళీ ఉంటే అది. పొద్దున్న గాబు దగ్గర నీళ్లు పోసేటప్పుడు చెంబు వాడి చేతికివ్వు. ముంచుతాడు. "నిండింది" అను. నెత్తిన పోసుకుంటాడు. "ఖాళీ" అను. అంతే, పరీక్ష పెట్టకు. పది చెంబులకి పదిసార్లు వినిపిస్తుంది. అదే చెంబు, అదే చెయ్యి, మారింది నీళ్లే. సాయంత్రం పుస్తకంలో ఆ పేజీ తీసి, "ఇదిగో, నీ చెంబులాగే" అని ఊరుకో. రెండో రోజో మూడో రోజో వాడే పుస్తకం వదిలేసి గాబు దగ్గరికి పరిగెడతాడు. పుస్తకం మూసేశాడని బాధపడకు, ఆ పేజీ చేయాల్సిన పని చేసినట్టే.

పెద్ద-చిన్నకి ఏనుగులు వద్దు. మీ ఆయన చెప్పులు, వాడి చెప్పులు. ఒకటే వస్తువు, రెండు సైజులు. వాడు ఆ పెద్ద చెప్పుల్లో కాళ్లు పెట్టి ఈడ్చుకుంటూ వసారా అంతా తిరుగుతాడు. పెద్దంటే ఏమిటో కాళ్లకి తెలుస్తుంది. అవి వచ్చాక దూడ దగ్గరికి తీసుకెళ్లు. దూడ వాడి పక్కన పెద్దది, ఆవు పక్కన చిన్నది. ఇది వాడికి వెంటనే మింగుడుపడదు. ఫరవాలేదు, పెద్దవాళ్లలోనే చాలామందికి పడదు.

ఒక మాట మర్చిపోయాను. వేడి, చల్లన లాంటి మాటలకంటే పనుల జతలు పిల్లలకి దగ్గర. ఎక్కు-దిగు, రా-పో, తియ్యి-వెయ్యి. ఇందులో మన తెలుగు పెట్టే తిరకాసు ఒకటుంది. తలుపు వేస్తే మూసినట్టు, లైటు వేస్తే వెలిగినట్టు. తలుపు తీస్తే లోపలికి రావచ్చు, చొక్కా తీస్తే స్నానానికి పోవచ్చు. మీవాడు "లైటు తియ్యి" అని, నువ్వు ఆర్పేస్తే ఏడ్చాడంటే, వాడి భాష తలుపు దగ్గర నేర్చుకున్న భాష అని అర్థం చేసుకో.

మీ అత్తగారి చూపుకి మాత్రం నా దగ్గర మందు లేదు. ఆ చెంబు ఒకసారి ఆవిడ చేతికే ఇచ్చి చూడు.

ప్రశ్న: నమస్కారమండి. మాది పాలకొల్లు పక్క పల్లె. మనవరాలు హైదరాబాద్‌లో, మూడేళ్లు నిండాయి. దసరాకి వస్తుంది. ఈ వ్యతిరేక పదాలవే మంచి తెలుగు బొమ్మల పుస్తకం కొందామని చూస్తే దొరికినవన్నీ ఇంగ్లీషు బొమ్మలకి తెలుగు తగిలించినవే. ఒకప్పుడు నేను సైన్‌బోర్డులు రాసేవాణ్ణి, బొమ్మ గీయగలను. నేనే ఒకటి చేసి ఇస్తే ఎలా ఉంటుంది? ఏయే జతలు పెట్టమంటారు? – ఒక తాతయ్య

జవాబు: అన్నయ్యగారూ, ఎలా ఉంటుందని అడగడం కూడానా! కొనేవి అసలు లేవని కాదు. 1957లో పెట్టిన నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులోనూ పిల్లల పుస్తకాలు వేస్తుంది. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు పైసా కట్టకుండా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. కానీ బోర్డులు రాసిన చెయ్యి ఇంట్లో ఉండగా అవి తర్వాత.

ముందు అట్టలు. అటక మీద పాత శుభలేఖల కట్ట ఉంటుంది కదా, దించండి. ఈ మధ్య శుభలేఖలు పలకలంత మందాన వేస్తున్నారు. పెళ్లిళ్ల సంగతేమో గానీ బొమ్మల పుస్తకాలకి అవి దివ్యంగా పనికొస్తాయి. ఒకే కొలతవి పది ఏరుకోండి. అచ్చు లోపలికి పోయేలా రెండేసి అంటిస్తే ఐదు గట్టి పేజీలు, పది ముఖాలు. పై అట్టా వెనక అట్టా పోను ఎదురెదురుగా నాలుగు జతలు. మూడేళ్ల పిల్లకి నాలుగు జతలు దండి. పూసలూ, జరీ ముక్కలూ, వినాయకుడి లోహపు బిళ్లలూ ముందే పీకేయండి. అంటించడానికి మైదా ఉడికించిన జిగురు చాలు. బైండింగ్ వాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, మీరు కలపకండి. అది విషం, పిల్ల అట్ట కొరుకుతుంది. మూలలు గుండ్రంగా కత్తిరించి, దబ్బనంతో మూడు చోట్ల కుట్లు వేయండి.

గీసేటప్పుడు ఒకటే నియమం. ఎడమ పేజీలో ఏది గీశారో కుడి పేజీలోనూ అదే గీయండి, ఒక్కటి మాత్రం మార్చండి. కాలవ గీశారనుకోండి. ఒక పక్క గట్టు దాకా నీళ్లు, ఇంకో పక్క వేసవిలో కాలవలు కట్టేశాక అడుగు బురద కనిపిస్తూ. గట్టు మీద కొబ్బరిచెట్టు రెండు చోట్లా అదే వంపుతో ఉండాలి. ఆ చెట్టుని చూసే పిల్ల ఇది ఆ కాలవేనని గుర్తుపడుతుంది. అప్పుడు నీళ్లే తేడా అని తెలుస్తుంది. నరసాపురం రేవు మెట్లు వేస్తే ఇంకా బాగుంటుంది. పోటు మీద మెట్లు మునిగి, ఆటుకి తేలి. మీ దగ్గరకి వచ్చినప్పుడు పోటు వేళా ఆటు వేళా తీసుకెళ్లి చూపించొచ్చు.

పంటి, అదే రేవు దాటించే పడవ, మీరు ఎలాగూ వేస్తారు, గోదారి మనిషి పంటి గీయకుండా ఉండలేడు. కానీ దగ్గర-దూరం పెట్టకండి. దూరంగా ఉన్న పంటిని చిన్నగా గీస్తారు. పిల్ల దాన్ని చూసి "చిన్న పంటి" అంటుంది. మీరు కాదమ్మా, దూరం అంటారు. అది మళ్లీ చిన్న అంటుంది. కళ్లకి కనిపించేది అదే చెబుతోంది, మనం కాదంటున్నాం. ఆ జత రేవులో నిలబడి చెప్పాల్సిందే. పంటి మీద వెళ్లేవాళ్లకి చెయ్యి ఊపుతూ.

రంగులు అసలు రంగులే వేయండి. మామిడికాయకి కళ్లూ ముక్కూ పెట్టి నవ్వించకండి. వస్తువు అచ్చం ఉన్నట్టు ఉంటే బొమ్మలోంచి నిజం దానికి పిల్లలు తేలిగ్గా వెళ్తారు. తెరిస్తే లోపల ఇంకో బొమ్మ కనిపించే అట్ట తలుపులు ఒకటికి మించి వద్దు. ఎక్కువైతే పిల్ల తలుపులతో ఆడుకుంటుంది, లోపలున్నది చూడదు.

ఇంగ్లీషు పుస్తకాల్లో దొరకని పేజీ ఒకటి మీకు చెబుతాను. "పచ్చి". పచ్చి మామిడికి ఎదురు పండు. పచ్చి మిరపకి ఎదురు ఎండు. పచ్చి కొబ్బరికీ ఎండే. పచ్చి పాలకి కాచినవి. ఒక్క మాటకి ఇంతమంది వియ్యంకులు. మామిడీ మిరపా మీ చేతికి బాగా కుదురుతాయి. మిరప దగ్గర రంగు ఆకుపచ్చ నుంచి ఎరుపుకి పోతుంది, కాయ ముడతలు పడుతుంది. రెండు తేడాలు వచ్చేస్తున్నాయి కదా, నా నియమం నేనే తప్పుతున్నాను. ఆ పేజీకి మినహాయింపు ఇచ్చుకుందాం.

లేత-ముదురు మాత్రం గీయకండి. అది బొమ్మకి లొంగదు. బెండకాయలు తరిగేటప్పుడు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని రెండు కాయలివ్వండి. లేతదాని కొస విరిస్తే పటుక్కున విరుగుతుంది. ముదురుది వంగుతుంది గానీ విరగదు. పిల్ల బుట్టెడు కాయలూ విరిచేస్తుంది, ఆ పూటకి మీకు బెండకాయ పులుసు ఖాయం. బొండాం కొట్టించినప్పుడు లేత కొబ్బరి చెంచాతో తినిపించి, ముదురు కాయ కోరుతున్నప్పుడు ఒక పలుకు నోట్లో పెట్టండి. హైదరాబాద్‌లో ఎవరూ చెప్పని జత ఇది. చెట్ల మీంచి కాయలు దింపే రోజున పిల్ల అక్కడుండేలా చూసుకుంటే మరీ మంచిది, దూరంగా నిలబెట్టి.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నానండి. పాపకి రెండేళ్లు. పుస్తకం పట్టుకుని కూర్చునే టైము నాకూ లేదు, మా ఆవిడకీ లేదు. ఫోన్‌లో ఈ వ్యతిరేక పదాల పాటలు పెడితే గంటసేపు కదలకుండా చూస్తుంది, జతలన్నీ చెబుతుంది కూడా. ఇంకా పుస్తకం అవసరమంటారా? – ఒక నాన్న

జవాబు: కదలకుండా అన్నారు చూశారా, నా భయం అదే. రెండేళ్ల పిల్ల గంటసేపు కదలకపోవడం సుగుణం కాదు బాబూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ఇది. రెండేళ్ల లోపు పిల్లలకి కూర్చుని తెర చూడటం వద్దేవద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజంతా కలిపి గంట దాటకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. మీ పాప వాటా ఒక్క పాటల మూటతో అయిపోతోంది.

ఫోన్ చెప్పుకుంటూ పోతుంది, పాప ఏమంటోందో వినదు. తేడా అంతా అక్కడే. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం రెండేళ్ల వయసు పిల్లల తల్లిదండ్రులకి బొమ్మల పుస్తకం చదివే తీరు మార్చి చూపించింది. చదివి వినిపించడం తగ్గించి, పిల్ల చేత మాట్లాడించడం, పిల్ల అన్నదానికి ఇంకో రెండు మాటలు కలిపి తిరిగి చెప్పడం. నెల రోజులకే ఆ పిల్లలు మామూలుగా చదివించుకున్న వాళ్లకంటే మాటల్లో ముందున్నారు. పాప "నీళ్లు" అంటే మీరు "అవును, బోలెడు నీళ్లు, చెరువు నిండా" అంటారు. అదే ఆ కిటుకు.

పది నిమిషాలు చాలు. అదీ లేదంటే ఒక పూట పాపని గట్టు మీదకి తీసుకెళ్లి, నీళ్లకి దూరంగా ఎత్తుకునే ఉండి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగి చూపించండి. మేత మిగిలిందా, ఖాళీయా. పైకి, కిందకి. మీరు రోజూ చూసేదే, గట్టిగా పైకి అనండి, అంతే. కిలోకి ముప్పై తూగే ముప్పై కౌంటు రొయ్య పెద్దదనీ, వంద తూగే వంద కౌంటు చిన్నదనీ మాత్రం ఇప్పుడే చెప్పకండి. దాని బుర్ర తిరుగుతుంది.

ప్రశ్న: మా పాప వెళ్లే ప్లే స్కూల్లో గోడకి వ్యతిరేక పదాల చార్టు ఉంది. అందులో అబ్బాయి-అమ్మాయి, తెల్లపిల్ల-నల్లపిల్ల, మంచి పాప-చెడ్డ పాప కూడా జతలే. చెప్పాలంటే మొహమాటంగా ఉంది. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా? – అమలాపురం నుంచి

జవాబు: లేదమ్మా, సరిగ్గానే ఆలోచిస్తున్నావు. అబ్బాయికి అమ్మాయి వ్యతిరేకం ఎలా అవుతుంది? గ్లాసు నిండి ఉంటే ఖాళీ కాదు, అది వ్యతిరేకం. అన్నాచెల్లెళ్లు ఒకే కంచంలో తింటారు, వాళ్ల మధ్య వ్యతిరేకం ఏముంది, ఆ చివరి వడియం దగ్గర తప్ప.

నలుపు-తెలుపు పెట్టుకోమను, పిల్లల ముఖాల మీద వద్దు. పలక మీద సుద్దతో పెట్టుకోవచ్చు, రెండు మేకపిల్లలతో పెట్టుకోవచ్చు. మా ఇంట్లో నేనూ మా అక్కా. చుట్టాలు ఎవరొచ్చినా మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి, "ఇది తెల్లది, ఇది నల్లది" అనేవారు. తిట్టేవారు కాదు, ముద్దుగానే అనేవారు. నాకు డెబ్బై దగ్గరపడింది. ఇప్పటికీ ఫోటో తీస్తామంటే మా అక్క పక్క నుంచి జరిగి చివరకి వెళ్లి నిలబడతాను. కాళ్లే వెళ్లిపోతాయి. మొన్న మా అక్క మనవడి పెళ్లిలోనూ అంతే.

మొహమాటం వదిలి వెళ్లు. గొడవగా కాకుండా, చేతిలో ఇంకో చార్టు పట్టుకుని వెళ్లు. తలుపు తెరిచింది-మూసింది, బిందె నిండుది-ఖాళీది, బాట తడిది-పొడిది. "ఇది బాగుందండి, దాని మీద అంటిస్తారా" అంటే కాదనేవాళ్లు తక్కువ. మంచి పాప-చెడ్డ పాప కూడా దాని కిందకి పోతుంది. పాలు ఒలకబోసిన పిల్ల చెడ్డది కాదు, పాలు ఒలికాయి, అంతే.

ప్రశ్న: అమ్మా, నేను ఒక లంక గ్రామంలో అంగన్‌వాడీ టీచర్ని. పద్దెనిమిది మంది పిల్లలు, బొమ్మల పుస్తకం ఒక్కటే. అందరూ ఒకేసారి లాగుతారు. పైన-కింద పేజీ ఇప్పటికే రెండు ముక్కలైంది, "పైన" ఒకళ్ల దగ్గర, "కింద" ఒకళ్ల దగ్గర. దాచిపెట్టేద్దామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: దాచిపెట్టకు తల్లీ. దాచిన పుస్తకాన్ని చెదలు తింటాయి, పిల్లలు తిన్నా కొంత నయం. నేను పనిచేసిన బడి కూడా ఏరు దాటి వెళ్లేదే. వరదకి బీరువా అడుగు అరలో నీళ్లొస్తే మొదట పోయేవి ఎవరూ ముట్టని పుస్తకాలే. పిల్లల చేతుల్లో ఉన్నవి ఎవరో ఒకరి ఇంట్లో, ఏ చూరులోనో దోపి దొరికేవి.

ఆ రెండు ముక్కల్నీ అతికించకు. రెండుగానే అట్ట ముక్కల మీద అంటించి, "పైన"ని ఒక పిల్ల చేతికి, "కింద"ని ఇంకో పిల్ల చేతికి ఇవ్వు. మిగతా పదహారు మందీ మెట్ల దగ్గర నిలబడాలి. పైన ముక్క లేస్తే మెట్టెక్కాలి, కింద ముక్క లేస్తే దిగాలి. కాసేపటికి ముక్కలు పట్టుకున్న ఇద్దరూ పోట్లాడుకుంటారు, మార్చు. మిగిలిన పేజీలు చూపించేటప్పుడు నీ ఒళ్లో పెట్టుకోకు. అర్ధచంద్రంలా కూర్చోబెట్టి, పుస్తకం నీ మెడ పక్కన, బొమ్మ వాళ్ల వైపు ఉండేలా పట్టుకో. పేజీ తిప్పే పని రోజుకొకళ్లకి అప్పచెప్పు. తన వంతు వస్తుందని తెలిసిన పిల్ల లాగదు. ఒకళ్లిద్దరు లాగుతారు, వాళ్లని నీ పక్కనే కూర్చోబెట్టుకో.

కుట్టు ఊడిపోతే ఎవరైనా ఇటు వచ్చేటప్పుడు ఇచ్చి పంపు, నేను కుట్టిస్తాను. దబ్బనం నా దగ్గర ఉంది. దారం మాత్రం కాస్త గట్టిది నువ్వే పంపు, వల అల్లే దారమైతే మరీ మంచిది. మా ఇంట్లో ఉన్నది పువ్వులు కట్టేది, మీ పద్దెనిమిది మంది ముందు అది రెండు రోజులాగదు.